పచ్చ బత్తికి ఎవరు చెప్పారు

"డెలివరీ తర్వాత ఆడవాళ్లకు ఇలాంటి భయాలు మామూలేనమ్మా. మా ఆవిడ కూడా అంతే, పొయ్యి కట్టేశానా లేదా అని పదిసార్లు లేచి చూసేది."

ఈ మాట అన్నది మా టీం లీడర్. నేను అతనికి రాసింది పొయ్యి గురించి కాదు. మా కంపెనీ జడ్చర్లలో బిగించిన హెచ్చరిక పెట్టెలు అబద్ధం చెబుతున్నాయని, ఆ అబద్ధం ఎక్కడ మొదలై ఎలా నిలబడుతుందో నాలుగు మెట్లలో విడమరచి పంపాను. చదివాడో లేదో తెలియదు. ఫోన్ చేసి నా నిద్ర గురించి అడిగాడు. ఏడాది దాటింది. పాపను పడుకోబెట్టి ఇది రాయడానికి కూర్చుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి.

ముందు ఆ పెట్టెల సంగతి చెప్పాలి.

మేముండేది జడ్చర్లలో, ఫ్యాక్టరీల వెనక గల్లీలో, కిరాయి ఇంట్లో. మా ఆయన ఒక మందుల ఫ్యాక్టరీలో కెమిస్టు, షిఫ్టుల పని. మా అత్తమ్మ మాతోనే ఉంటుంది. నేను హైదరాబాద్‌లోని ఒక చిన్న కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తాను. చుట్టుపక్కల ఫ్యాక్టరీల వాళ్లు కొందరు కలిసి, గ్యాస్ లీకైతే పసిగట్టి సైరన్ మోగించే ఏర్పాటు ఒకటి తమ గోడల వెంబడి, పక్క గల్లీల్లో పెట్టించాలనుకున్నారు. ఆ పని మా కంపెనీకి వచ్చింది.

ఒక్కో కరెంటు స్తంభానికి ఒక పెట్టె. టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. గ్యాస్ తగిలితే రేడియోలో పక్క పెట్టెకు కబురు చెబుతుంది, అది దాని పక్కదానికి, అలా చివరికి ఫ్యాక్టరీల పెద్ద గేటు దగ్గరున్న సైరన్ పెట్టెకు చేరాలి. ప్రతి పెట్టెకూ ముందువైపు చిన్న బత్తి. పచ్చగా వెలిగితే సైరన్ దాకా దారి తనకు తెలుసని అర్థం. ఎర్రగా వెలిగితే తెలియదని.

ఈ పెట్టెలు ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకోవాలో నియమాల భాషలో రాశారు. మామూలు ప్రోగ్రాంలో ముందు ఇది చెయ్, తర్వాత అది చెయ్ అని ఉంటుంది. నియమాల భాషలో, ఏది ఉంటే ఏది నిజమవుతుందో చెప్పే వాక్యాలే ఉంటాయి. మా ప్రోగ్రాంకు గుండెకాయ రెండు వాక్యాలు. సైరన్ నా పక్కనే ఉంటే నాకు దారి తెలుసు. నా పక్క పెట్టెకు దారి తెలిస్తే నాకూ దారి తెలుసు. ఎన్ని పెట్టెలున్నా, ఏ గల్లీ ఎటు తిరిగినా, ప్రతి పెట్టెలోనూ ఈ రెండే. ఎం.టెక్‌లో ఇలాంటి ప్రోగ్రాం మొదటిసారి చదివినప్పుడు దాన్ని తెలుగులో మా బాపుకు చెప్పాను. మగ్గం మీద నుంచి లేవకుండానే విని, "గంతేనా, దీనికి ఫీజు గట్టిన్నా నేను" అన్నాడు.

నా పని దాన్ని రుజువు చేయడం. పది పెట్టెలు పెట్టి పరీక్షిస్తే ఆ పదింటి సంగతే తెలుస్తుంది. రుజువు అంటే, పెట్టెలు ఎన్ని ఉన్నా ఎలా పేర్చినా, పచ్చగా వెలుగుతున్న ప్రతి పెట్టె నుంచీ కబురు సైరన్‌కు చేరి తీరుతుందని, బడిలో లెక్కల సిద్ధాంతం నిరూపించినట్టు నిరూపించడం. ఒక్కో మెట్టూ నేను రాస్తాను. ఆ మెట్టు నిలుస్తుందా లేదా అని ఒక సాఫ్ట్‌వేర్ సరిచూస్తుంది. దానికి మొహమాటం లేదు, బతిమాలితే ఒప్పుకోదు. అందుకే నాకు దాని మీద గౌరవం.

ఏడో నెల కడుపుతో ఆ రుజువు పూర్తి చేశాను. ఒక్క చోట చిక్కు పడింది. మధ్యలో ఒక పెట్టె పాడై, ఉన్న సంబంధం తెగిపోతే ఏమవుతుందనేది చాలా పెద్ద పని. ఆ వారం నాకు కాళ్లు వాచాయి. బీపీ ఎక్కువుందని, ఎక్కువసేపు కూర్చోవద్దని డాక్టరమ్మ కోప్పడింది. 'ప్రస్తుతానికి, ఒకసారి పక్కనున్న పెట్టె ఎప్పటికీ పక్కనే ఉంటుందని అనుకుందాం' అని ఒక ఊహ రాసి ముందుకు పోయాను. సాఫ్ట్‌వేర్ ఒప్పుకుంది. ఊహలన్నీ రిపోర్టు చివరి పేజీలో పెట్టి, ఈ ఊహను తీసేసే దాకా పెట్టెలు బిగించవద్దని ఒక వాక్యం రాశాను. ఆ తర్వాత సెలవు. ఆ తర్వాత పాప.

పాపకు మూడో నెల నడుస్తుండగా ఇద్దరు మనుషులు నిచ్చెనతో వచ్చి మా ఎదురు స్తంభానికి పెట్టె బిగించి పోయారు. అత్తమ్మ గేటు దగ్గర నిలబడి అంతా చూసి లోపలికొచ్చింది.

"నీ డబ్బా వచ్చింది పిల్లా. గన్ని నెలలు కూసోని జేస్తివి, ఇడ్లీ గిన్నంత గూడ లేదు."

నేను మాత్రం పాపను ఎత్తుకుని వెళ్లి చూపించాను. సెలవు మధ్యలో బిగించారంటే నా ఊహను ఎవరో తీసేసి మిగిలిన రుజువు పూర్తి చేసి ఉంటారనుకున్నాను. అడగలేదు. అడగాల్సింది. ఆ తప్పు నాదే.

నేను భయస్తురాలినే, దాచను. ఫ్యాక్టరీల వైపు నుంచి గాలి తిరిగితే కిటికీలు మూస్తాను. ఘాటు వాసన వస్తే అది నిజమో నా ముక్కు పుట్టించిందో తెలియక షిఫ్టులో ఉన్న మా ఆయనకు ఫోన్ చేస్తాను. "రోజొచ్చే వాసనే, పండుకో" అంటాడు. పాప పుట్టాక ఎండాకాలమంతా ఉక్కలో కిటికీలు మూసుకుని పడుకున్నాం. పెట్టె వచ్చిన రోజు బత్తి పచ్చగా వెలగడం చూసి, మొదటిసారి కిటికీ తెరిచాను. దాని కిందే పాప ఉయ్యాల.

వానాకాలం మొదట్లో ఒక పొద్దున, గాలివాన వెలిశాక, అత్తమ్మ పాల ప్యాకెట్ కోసం మూల మీది దుకాణానికి వెళ్లి వచ్చింది.

"మూల మీద కొమ్మిరిగి డబ్బా మీద పడ్డది. వైర్ల మీద ఊగుతాంది. మన డబ్బాకేం గాలే, మంచిగ పచ్చగనే ఉంది."

"పచ్చగెట్లుంటది అత్తమ్మా? ఎర్రగ గావాలె." మా గల్లీ నుంచి సైరన్‌కు ఉన్న ఒకే ఒక్క దారి ఆ మూల పెట్టె మీదుగానే పోతుంది.

"నా కండ్లేం పోలేదు. పోయి చూస్కో."

వెళ్లి చూశాను. పచ్చగానే ఉంది. పాపకు స్నానం చేయించి వచ్చి చూశాను, పచ్చగానే ఉంది. సాంబ్రాణి పొగ వేసి పడుకోబెట్టి మళ్లీ వచ్చాను. అత్తమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని పక్కన నిలబడింది.

"గదేమో కూలె. తొవ్వ లేదాయె. మరి తొవ్వుందని దీనికెవలు చెప్పిన్రు?"

నెలల తరబడి కూర్చుని నేను అడగని ప్రశ్న అది. ఎవరు చెప్పారు? వెనక గల్లీలో ఇంకో పెట్టె ఉంది. మొదట్లో దానికి దారి చెప్పింది మా పెట్టే. మూల పెట్టె కూలాక మా పెట్టెకు అటు నుంచి మాట ఆగిపోయింది, కానీ వెనక పెట్టె 'నాకు తెలుసు' అంటూనే ఉంది. పక్కవాళ్లకు తెలిస్తే నాకూ తెలిసినట్టే కదా, నియమం అదే. మా పెట్టె పచ్చగా ఉండిపోయింది. మా పెట్టె పచ్చగా ఉంది కాబట్టి వెనకదీ పచ్చగా ఉంది. ఒకదాని మాట పట్టుకుని ఒకటి, రెండూ ధీమాగా, ఎన్నాళ్లయినా. గ్యాస్ లీకైతే ఇది దానికి చెబుతుంది, అది తిరిగి దీనికి చెబుతుంది. సైరన్ మోగదు. మా కిటికీ తెరిచి ఉంటుంది.

ఇంట్లోకి వచ్చి ముందు కిటికీ మూశాను. తర్వాత ఉయ్యాల పక్కన కింద కూర్చుండిపోయాను. నాకు మా అవ్వ గుర్తొచ్చింది.

మాది నల్లగొండ వైపు నేత ఇల్లు. మా దగ్గర చీర మీది బొమ్మ నేసేటప్పుడు పుట్టదు, అంతకు ముందే పుడుతుంది. నూలును చట్రానికి బిగించి, గడుల కాగితం మీద గీసిన బొమ్మను చూస్తూ, రంగు అంటకూడని చోటల్లా రబ్బరు పట్టీతో గట్టిగా కట్టి అప్పుడు రంగులో ముంచుతారు. కట్టేటప్పుడు అమ్మ గడులు లెక్కపెట్టి "పదకొండు" అంటుంది. బాపు "పదకొండు" అని కడతాడు. తర్వాతి లెక్కను అమ్మ ఆయన మాట మీంచే అందుకుంటుంది. అవ్వ వాళ్లకు వీపు పెట్టి కూర్చుని, వాళ్ల మాట చెవిన వేసుకోకుండా, కాగితం మీది గడుల్ని చింతగింజలతో తనే మళ్లీ లెక్కపెట్టేది. వరుసకోసారి ఆపి తన లెక్క చెప్పేది. చిన్నప్పుడు అది ముసలిదాని చాదస్తమనుకునేదాన్ని.

నేను డిగ్రీలో ఉండగా కంటి ఆపరేషన్‌కని అవ్వ నాలుగు రోజులు నల్లగొండ దవాఖానలో ఉంది. ఆ నాలుగు రోజుల్లో కట్టిన నూలు మగ్గం ఎక్కింది. జానెడు నేశాక బయటపడింది: చీర మీది చిలకకు మెడ ఒకచోట, ఒళ్లు ఒకచోట.

"నువ్వంటివని నేనంటి" అంది అమ్మ.

"నువ్వంటివనే గద నేను గట్టిన" అన్నాడు బాపు.

కంటికి కట్టుతో మంచం మీద పడుకున్న అవ్వ నవ్వింది. "మొగుడు పెండ్లాలు ఒగలకొగలు సాక్ష్యం జెప్పుకున్నరు. కాయిదాన్నెవలు అడగలే."

ఆ చీర నూలంతా పాడైంది. నేను ఆ ఇంట్లో పుట్టి, ఆ నవ్వు విని, పెద్ద చదువు చదివి, సరిగ్గా అదే చిలకను జడ్చర్ల స్తంభాలకెక్కించాను.

ఆ మధ్యాహ్నమే టీం లీడర్‌కు రాసి పంపాను. సాయంత్రం ఫోన్ వచ్చింది.

"నీ రుజువే కదమ్మా ఇది. మెషీన్ ఒప్పుకుంది కదా."

"ఊహ మీద ఒప్పుకున్నది సార్. చివరి పేజీల రాసిన."

"చివరి పేజీ వాళ్లకు పంపలేదు. అది మన లోపలి సంగతి. అవన్నీ చదివితే క్లయింట్ కంగారుపడతాడు."

ఆ రిపోర్టు మొదటి పేజీలో నా పేరుంది. దాని కింద 'అన్ని పరిస్థితుల్లోనూ నిరూపితం' అని ఉందట. ఆ 'అన్ని' నేను రాయలేదు.

"పెట్టె పాడైతే మనవాడు వెళ్లి మారుస్తాడు. ఎంతసేపు పని?"

"పాడైందని ఆయనకెట్ల తెలుస్తది సార్? మిగతా బత్తులన్ని పచ్చగనే ఉంటయి గద."

అప్పుడొచ్చింది ఆ డెలివరీ మాట. పొయ్యి మాట. రెండు వారాలు ఇంకా రెస్ట్ తీసుకోమన్న మాట. కడుపుతో ఉండి, కాళ్లు వాచి, వాంతుల మధ్య నేను రుజువు రాస్తే అది కంపెనీ గొప్ప. అప్పుడు నా బుర్ర సరిగ్గానే పనిచేసింది. అందులో తప్పు దొరికిందని అదే బుర్రతో చెబితే, అది బాలింత బుర్ర. రుజువు మీద నా పేరు పెట్టుకోవడానికి ఎవరికీ భయం వేయలేదు. నా భయాన్ని మాత్రం ఒక జబ్బుగా చూశారు.

మా ఆయన షిఫ్టు నుంచి వచ్చాక చెప్పాను. బూట్లు విప్పుతూ విన్నాడు.

"నువ్వు దినామొకటి భయపడుతవు. ఇది గూడ గట్లనేనా, నిజంగనా?"

అతని మీద ఇంకా కోపం వచ్చింది. అడగదగిన ప్రశ్నే కావడం వల్ల ఎక్కువ వచ్చింది. చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్లి, మూల మీద వైర్లకు ఊగుతున్న పెట్టెను చూపించి, వెనక్కి నడిపించి మా పచ్చ బత్తిని చూపించాను. చాలాసేపు చూశాడు. "ఫ్యాక్టరీల గూడ అందరు గా బత్తి చూసే ధైర్యంగుంటున్నరు" అని మాత్రం అన్నాడు. ఆ రాత్రి ఎంత ఉక్కపోసినా కిటికీ తెరుద్దామనలేదు.

మర్నాడు తెల్లకాగితాల మీద పెద్ద అక్షరాలతో రాశాను. 'ఈ పచ్చ బత్తిని నమ్మవద్దు. ఘాటు వాసన వస్తే సైరన్ కోసం ఆగవద్దు. పిల్లల్ని తీసుకుని గాలికి అడ్డంగా నడిచి పెద్ద రోడ్డుకు పోండి. ఈ పెట్టె పనిని సరిచూసిన ఇంజనీరు ఎదురింట్లోనే ఉంటుంది, అడగండి.' మా అమ్మ నూలుకు పెట్టే గంజిలా చిక్కగా గంజి కాచాను. నాలుగు స్తంభాలకు అంటించాను. పాపను అత్తమ్మ ఎత్తుకుంది.

దుకాణం ఆయన బయటికొచ్చి చదివాడు.

"సర్కారోళ్లు పెట్టిన డబ్బాను నమ్మొద్దంటవేందమ్మా?"

"సర్కారు గాదన్నా. మా కంపెనీ పెట్టింది. మంచిగుందని రాసిచ్చింది నేనే."

"నువ్వే మంచిగుందంటివి, నువ్వే నమ్మొద్దంటివి. మేమేం జేయాలె ఇగ?"

"వాసనొస్తే ఉరకాలె" అంది అత్తమ్మ. "రాసింది గద, చదువురాదా?"

నవ్వాడు. కానీ ఆ సాయంత్రం తన కొడుకుతో ఆ కాగితం పైకి చదివించుకుంటుంటే చూశాను.

మూడో రోజుకు 'ప్లాట్లు అమ్మబడును' అని ఎవరో మా కాగితం మీద పోస్టరు అంటించి పోయారు. దాన్ని తడిపి పీకి మళ్లీ అంటించాను. ఆ వారంలోనే ఎవరు ఫోటో తీసి పంపారో, టీం లీడర్ ఫోన్ చేశాడు. ఈసారి నా నిద్ర గురించి అడగలేదు.

"ఆ కాగితాలు వెంటనే తీసెయ్. కంపెనీ పరువేం కావాలి?"

"పెట్టెలు బాగు జేయిండ్రి సార్, నేనే పీకేస్త."

"ఉద్యోగం ఉండాలనుందా లేదా?"

"ఫోన్ల గాదు సార్. మీరొకసారి ఇక్కడికి రండ్రి. స్తంభం కింద నిలబడి అనుండ్రి గీ మాట."

అతను వస్తాడనుకోలేదు. వచ్చాడు, నిచ్చెన మనిషిని వెంటబెట్టుకుని. అప్పటికి మూల మీద కొత్త పెట్టె బిగించారు. నేను ఒక్కటే అడిగాను, ఆ మూల పెట్టెను ఆపేయమని. నిచ్చెన మనిషి ఎక్కి ఆపాడు. మా టీం లీడర్ మా స్తంభం కింద నిలబడి తలెత్తి బత్తి వైపు చూశాడు.

"కొంచెం టైం పడుతుంది" అన్నాడు.

ఎండ ఎక్కుతోంది. అత్తమ్మ ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసింది. "కూసో సారూ. ఇది శానసేపు పచ్చగనే ఉంటది."

కూర్చోలేదు. పావుగంట నిలబడ్డాడు. తర్వాత నిచ్చెనను మా స్తంభం దగ్గరికి తెప్పించి, గ్యాస్ తగిలినట్టు కబురు పంపే పరీక్ష మీట నొక్కమన్నాడు. నిచ్చెన మనిషి నొక్కాడు. పెద్ద గేటు వైపు చెవి పెట్టి అందరం నిలబడ్డాం. ఎవరింట్లోనో కుక్కర్ కూత వేసింది. అతను ఆశగా అటు తిరిగాడు, మళ్లీ ఇటు తిరిగాడు. బత్తి పచ్చగా ఉంది.

"ఇది అరుదుగా జరిగే సంగతి" అన్నాడు.

"కొమ్మిరిగితే చాలు సార్" అన్నాను. పాప నా భుజం మీద నిద్రపోతోంది. గొంతు పెంచలేకపోయాను. పెంచగలిగి ఉంటే ఇంకా చాలా అనేదాన్ని, ఆ మాటలన్నీ ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి.

క్షమించమనలేదు. "ఎన్ని రోజుల్లో సరిచేస్తావు?" అని అడిగాడు, తప్పు నా ఒక్కదానిదే అయినట్టు.

మార్చింది ఒక్క నియమం. ఇప్పుడు ఏ పెట్టె అయినా దారి తెలుసనడానికి, ఆ దారిలో ఉన్న పెట్టెల పేర్లన్నీ వరసగా చెప్పాలి. ఆ వరసలో తన పేరే వినిపిస్తే, తను చెప్పిన మాటే తిరిగొచ్చిందని తెలుసుకుని పెట్టె దాన్ని తీసుకోదు. నియమం రాయడానికి ఒక పూట పట్టింది. ఏ పెట్టె ఎప్పుడు కూలినా సరే ఇది నిలుస్తుందని రుజువు చేయడానికి రెండు వారాలు పట్టింది. పాపకు పాలిచ్చి కూర్చుని, పాప లేస్తే లేచి రాశాను. పన్నెండు రోజులు ఆ సాఫ్ట్‌వేర్ కాదంటూనే ఉంది. ప్రతి కాదుకూ ఒక కారణం చూపించింది. కారణం చూపించకుండా కాదన్న మనిషితో పోలిస్తే అది ఎంత నయమో అనుకున్నాను. పదమూడో రోజు ఒప్పుకుంది. ఈసారి ఊహల పేజీని మొదటి పేజీ చేశాను.

నెలాఖరుకు కొత్త ప్రోగ్రాం పెట్టెల్లోకి ఎక్కింది. నిచ్చెన మనిషి వచ్చి మూల పెట్టెను ఆపాడు. నిమిషం లోపే మా బత్తి ఎర్రగా మారింది. అత్తమ్మ మెటికలు విరిచింది, పాపకు దిష్టి తీసినట్టు.

కొత్త రిపోర్టు నాకు కాపీ వచ్చింది. 'మరింత మెరుగుపరిచిన రూపం' అని ఉంది. పాతది అబద్ధమని ఎక్కడా లేదు. రెండు నెలల పాటు మా గల్లీలో, వెనక గల్లీలో జనం ఆ బత్తిని నమ్ముకుని నిద్రపోయారని లేదు. నా పేరు లేదు, 'టీం' అని ఉంది. ఊహల పేజీ మళ్లీ చివరికి పోయింది, చిన్న అక్షరాల్లో. అది ఉన్నందుకే సంతోషించాలేమో. నాకు రాలేదు ఆ సంతోషం.

మాట ఇచ్చాను కాబట్టి కాగితాలు పీకడానికి వెళ్లాను. మూడు ఊడొచ్చాయి. మా ఎదురు స్తంభం మీద మాత్రం గంజి బాగా పట్టింది. పై సగం చిరిగి చేతికొచ్చింది, 'సైరన్ కోసం ఆగవద్దు' అన్న ముక్క అలాగే ఉండిపోయింది. గోళ్లతో గోకుతుంటే అత్తమ్మ గేటు దగ్గర నుంచి చూసింది.

"గోర్లరుగుతయి. ఉండనియ్ తియ్యి. అదేమన్న అబద్ధమా?"

ఉండనిచ్చాను. ఒక వానాకాలం గడిచినా ఇంకా ఉంది.

ఈ రెండో రుజువులో తప్పు లేదని నాకు తెలుసు. అయినా సాయంత్రం పాపను వేలు పట్టుకుని మూల దాకా నడిపించుకుంటూ వెళ్లి, అక్కడి పెట్టెను తలెత్తి చూసి వస్తాను. పాప కూడా తలెత్తి చూస్తుంది, ఎందుకో దానికి తెలియదు. వచ్చాకే కిటికీ తెరుస్తాను.